రెండో విడత

ఊరంతా అప్పడాల పీటలా చదును.
ఉన్న ఒక్క గుట్టా మా కాలేజీకే వచ్చింది.
కేంబ్రిడ్జిలో సైకిలు దిగి నడిపించుకుంటూ
ఎవరైనా ఎగరోజుతూ కనబడితే
మావాళ్ళే అనుకోవచ్చు.

జూలై మొదటి గురువారం. ఓపెన్ డే.
నాకు ఆకుపచ్చ టీషర్టు ఇచ్చారు, రెండు సైజులు పెద్దది.
వీపు మీద "నన్ను అడగండి" అని ఉంది.
అడగాల్సినవాళ్ళంతా నా ముందున్నారు.

మొత్తం పదకొండు మంది, తల్లిదండ్రులతో కలిపి.
నది ఒడ్డు కాలేజీ దగ్గర క్యూ రోడ్డు దాటిందట,
అక్కడ నిలబడలేక ఇటొచ్చామని
సండర్లాండ్ నుంచి వచ్చిన ఒక తండ్రి దాచకుండా చెప్పాడు.

కాగితంలో రాసిచ్చినవి చెప్పాను:
లైబ్రరీ రాత్రంతా తెరిచే ఉంటుంది,
మూడేళ్ళూ గది గ్యారంటీ,
ఊరి నడిబొడ్డుకు సైకిలు మీద పన్నెండు నిమిషాలు.
పన్నెండు వెళ్ళడానికి.
రావడానికి ఎంతో కాగితంలో లేదు.

"ఇక్కడికి ఎవరూ కావాలని రారటగా?"
జుట్టుకి నీలం రంగేసుకున్న అమ్మాయి.
తల్లి మోచేత్తో పొడిచింది.

అబద్ధమేం కాదు.
మా అంతస్తులో పద్నాలుగు గదులు.
ఈ పేరు మొదట రాసింది ఒక్క మెరియల్ ప్రిచర్డ్,
అదీ ఇంకో సెయింట్ అనుకుని.
మిగతా మేమంతా ఎవరో వద్దంటే
జనవరిలో ఒక మధ్యాహ్నం
మిగిలిన ఫైళ్ళలోంచి వీళ్ళు ఏరుకున్నవాళ్ళం.
రెడింగ్‌లో మా హైమావతి పిన్ని ఒక్క ముక్కలో తేల్చేసింది:
"అంటే రెండో విడత కౌన్సెలింగన్నమాట."

దూరపు కొండలు నునుపంటారు.
మాది దూరం నుంచి కూడా నునుపు కాదు.
డెబ్బైల నాటి కాంక్రీటు,
వాన పడితే తడిసిన ఏనుగులా ఉంటుంది.

"అవును, చాలామంది రారు," అన్నాను ఆ అమ్మాయితో.
తర్వాతి మాట గొంతులోనే తిరిగింది.

మొదటి ఏడు, నవంబరు.
తెల్లవారుజామున మూడింటికి ఎవరో బ్రెడ్డు మాడ్చి
ఫైర్ అలారం మోగితే
దుప్పట్లతో కార్‌పార్కులో నిలబడ్డాం, రెండొందల మందిమి.
ఇకెన్నా ఒక కాలికే బూటు వేసుకొచ్చాడు,
రెండో కాలు నా చెప్పు మీద ఆనించాడు, అడక్కుండానే.
అప్పుడు మెరియల్ అంది,
"మిమ్మల్ని ఎవరు వద్దన్నారు?"
ఒక్కొక్కరం ఒక్కో గొప్ప పేరు చెప్పాం,
తప్పిపోయిన పెళ్ళిచూపులు నెమరేసుకున్నట్టు.
నవ్వీ నవ్వీ, అలారం ఎప్పుడాగిందో
పోర్టరొచ్చి కసిరేదాకా తెలీలేదు.

దీన్ని ఆ కాగితంలో ఎక్కడ ఇరికిస్తారు?

ఇరకనివి ఇంకా ఉన్నాయి.
రెండో ఏడు ఫిబ్రవరిలో తొమ్మిది రోజులు
నేను గది తలుపు తీయలేదు.
కింద సందులోంచి రోజుకో చీటీ వచ్చేది,
"సూపుంది" అని, అంతే.
ఆ చేతిరాత ఎవరిదో ఇప్పటికీ తెలియదు.
అదే నెలలో కింది అంతస్తు తలుపు కిందికి
ఎవరూ చీటీ తొయ్యలేదు.
రోరీ టర్మ్ మధ్యలోనే వెళ్ళిపోయాడు.
అతని సైకిలు ఇంకా స్టాండులోనే ఉంది, తాళంతో సహా.
మా టూరు దాని పక్క నుంచే పోతుంది.

వంటగది చూపించాను. బాత్రూములు లెక్కపెట్టుకున్నారు.
సండర్లాండ్ తండ్రి రేడియేటరు మీద చెయ్యేసి చూశాడు,
జూలైలో.

చివరికి గేటు దగ్గర
అంతసేపూ నోరు విప్పని కుర్రాడొకడు మిగిలాడు.
వెంట ఎవరూ లేరు,
బస్సు టికెట్టు చొక్కా జేబులోంచి తొంగిచూస్తోంది.
ర్యాంకులు అడగలేదు.
కావాలని వచ్చావా అని అడగలేదు.
"ఎథెల్‌బర్గా," అన్నాడు, పెన్ను తీసి అరచెయ్యి చాపి,
"స్పెల్లింగ్ చెప్తారా?"

చెప్పాను, ఒక్కో అక్షరం.
మధ్యలో ఆగి, "దీన్ని ఎలా పలుకుతారు?" అన్నాడు.
"ఒక్కొక్కరు ఒక్కోలా," అన్నాను.
తలూపి, మిగతాది రాసుకుని,
చెమటకి సిరా పాకుతుంటే
అరచేతిని ఊదుకుంటూ
గుట్ట దిగాడు.