రాజు పేరు దగ్గర ఖాళీ

రాసుకో చంద్రముఖా. ఆకు చాలకపోతే ఇంకోటి తియ్యి.
ఖారక్స్ రేవు. నీళ్లు మట్టిరంగు.
ఎండ ఉప్పులో ఊరినట్టుంది, పెదవి తడిపితే మండుతోంది.
సన్నబట్ట నలభై మూటలు, తడిసినవి మూడు.
మిరియాలు పదకొండు గోనెలు, ఎలుక కొట్టింది ఒకటి.
ఎలుకనూ రాయి.
సుంకంవాడు నమ్మడు, అయినా రాయి.

పోయినసారి మనల్ని ఇక్కడ ఆపినవాడు గుర్తున్నాడా,
నెత్తిన ఇత్తడి చట్టి బోర్లించుకుని,
ముక్కు తోలూడిపోయి,
ఈటె మడమతో మూటలు పొడిచి చూసినవాడు?
లేడు.
వాళ్ల గుడారాల మేకులు దిగిన గుంతలు మాత్రం
వరస తప్పకుండా ఉన్నాయి.
పీతలు కాపురం పెట్టాయి వాటిల్లో.

రెండేళ్లు. మన గేదె రెండోసారి ఈనేలోపు
ఒక రాజ్యం వచ్చింది, కుంచాలు మార్చింది, వెళ్లిపోయింది.
ఊళ్లోవాళ్లు దాని సంగతి చెబుతుంటే
ఎక్కువ తినిపోయిన చుట్టం గురించి చెప్పినట్టుంది.

యుద్ధం జరిగిందా అని రొట్టెలమ్మే ముసలమ్మనడిగాను.
ఎగువన ఎక్కడో జరిగిందట.
కాలిన ఊళ్ల నుసి ఏట్లో కొట్టుకొచ్చి
ఆమె పిండి కలిపే నీళ్లలో తేలిందట.
"ఇక్కడ మాత్రం ఒక పొద్దున అందరూ చెప్పులు కట్టుకున్నారు" అంది.
బాకీ ఉన్నారా అన్నాను.
"పదహారు రొట్టెలు."
తడుముకోలేదు. గోడమీద బొగ్గు గీతలు చూపించింది.
మొన్న గోడకు సున్నం వేసినప్పుడు
వాటి చుట్టూ వేసిందట.

సుంకం బల్ల దగ్గర ఎవరనుకున్నావు? యర్హాయే!
అదే బల్ల, అదే మెల్లకన్ను, చెవిమీద అదే రెల్లుపుల్ల.
రోమకుల పేర నాలుగోవంతు పట్టినవాడు
ఇప్పుడూ నాలుగోవంతే పడుతున్నాడు.
ముద్రమీది గద్దను మాత్రం రాతికేసి అరగదీశాడు.
సరిగా అరగలేదు.
మన మూటల మట్టిమీద ఒక రెక్క ఇంకా పడుతోంది.

"ఇప్పుడిది ఎవరి రాజ్యం?" అన్నాను మెల్లగా.
అటూ ఇటూ చూశాడు,
ఎవరైనా కనబడితే కనుక్కుందామన్నట్టు.
"పార్థవులదంటున్నారు. పాత రాజు కొడుకుదంటున్నారు.
తేలేదాకా నువ్వు నాకు కట్టు."

కట్టాను. వెండి నాణేలన్నీ రోమకుల రాజు బొమ్మవే,
ఇంకేమున్నాయి నా దగ్గర?
చెంపమీద ఉలిగాటు చూసి యర్హాయి నవ్వాడు.
మా వైపు అలవాటన్నాను.
లోపల రాగి లేదని తేలాలంటే
ఎంత దొర ముఖమైనా ఒక గాటు పడాలి,
ఆ తర్వాతే మా ఆడవాళ్లు మెళ్లో వేసుకుంటారు.

ఇంకొకటి. లెక్కలోకి రాదు, నీ ఇష్టం.
మూటలు దింపిన కూలీల్లో ఒకడు ఎర్రగా కమిలిపోయినవాడు.
పిక్కలమీద తోలుపట్టీల చారలు.
కూలిడబ్బులు చేతిలో పెడితే నిటారుగా నిలబడ్డాడు,
చెయ్యి ఛాతీ దాకా వెళ్లింది,
ఏదో గుర్తొచ్చి అక్కణ్నుంచే గోక్కున్నాడు.
చేపలుపట్టే వాళ్ల పిల్లను కట్టుకున్నాడట. ఆమెకు నెలలు నిండాయట.
ఆ పొద్దున చెప్పులు కట్టుకోనిది వీడొక్కడే.

"మీ ఓడ ఎటు?" అన్నాడు.
భరుకచ్ఛం మీదుగా మా కంటకశిలకు, అన్నాను.
"అక్కడ ఎవరి రాజ్యం?"

నువ్వు నవ్వావు చంద్రముఖా.
మనం రేవు వదిలి ఏడు నెలలయింది.

ప్రతి ఆకు మొదట్లో మన రాజు పేరు రాస్తావు కదా,
ఈ ఆకుమీద అక్కడ కాస్త ఖాళీ వదులు.
ఇంటికెళ్లాక పూరిద్దాం.
కింద మూటల లెక్క సరిచూడు.
ఎలుకను రాశావా?