ఎర

సిల్వర్ ఓక్ అంటారు గానీ
అది ఓక్ కాదు, వెండీ కాదు.
ఆకు తిరగేస్తే కనిపించే బూడిద తెలుపుకి
సొంతూరు గుర్తొచ్చిన దొరెవరో పెట్టుకున్న పేరయి ఉంటుంది.
హెసరఘట్ట దాటాక ఎడమ చేతి వైపు
నాలుగొందల పన్నెండు చెట్లు.
పైనుంచి ఎండుతున్నవి నూట అరవై.
తక్కినవి ఇంకా ఒప్పుకోలేదు.

నంజేగౌడ గునపంతో ఆకుల పక్క తీసి
"మణ్ణు" అంటాడు.
నేను సంచి మీద "మన్ను" అని రాస్తాను.
రెండు భాషలకీ మధ్య
నాలుక ఒక్కసారి వెనక్కి మడిచేంత దూరం.

జానెడు లోతు, మొదలుకి మూరెడు ఎడం,
నాలుగు దిక్కులా పిడికెడు పిడికెడు.
"చెట్టుకి జబ్బయితే మట్టికి రక్తపరీక్షా మేడమ్?"
అవును గౌడా, సరిగ్గా అదే.

ల్యాబ్‌లో మట్టిని నీళ్లలో కలిపి
పైన లేత ఆకు ముక్కలు తేలేస్తాను.
చేపకి వానపాము, దీనికి ఆకు.
కంటికి ఆననిది
రెండు తోకలతో ఈదుకుంటూ వచ్చి
ఆకు అంచు పట్టుకుంటుంది.
మూడో రోజు పొద్దున
పచ్చదనం మీద టీ మరకలాంటి మచ్చ.
పడింది, అనుకుంటాను.
ఆ మాటలో సంతోషం ఉంటుంది. దాచను.

పూర్తిగా ఎండిన చెట్టు కింద రెండే రకాలు.
కొనేవాళ్లు లేని చోట సంత ఎత్తేస్తారు కదా.
పచ్చగా, నిండుగా, కాకిగూడుతో నిలబడ్డ
రెండొందల ఏడో నంబరు కింద
పదకొండు.
లోకనాథం గారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ లెక్కపెట్టారు.
ఐదింటికి పేర్లున్నాయి.
ఒకదాని పేరుకి గ్రీకులో అర్థం, మొక్కల్ని చంపేది.
మిగతా ఆరూ బారసాల కాని పిల్లలు,
అంకెలతోనే పిలుస్తున్నాం.
చంపుతాయో, చచ్చినదాన్ని తింటాయో,
ఊరికే అక్కడ కాపురముంటున్నాయో
ఎవరికీ తెలీదు.

ఎలా వచ్చాయన్నది తేల్చడం నా పని.
వాననీళ్లా? ఆ వైపు వాలు లేదు.
పోయిన చెట్ల చోట నాటిన నర్సరీ మొక్కలా?
వాటి నల్ల కవర్లలో మట్టీ చూశాం.
మూడు రకాలు. మూడే.

జూలైలో ఓ శనివారం, ఏం తోచిందో,
నా బూటు అడుగు గాళ్లలో ఇరుక్కున్న మట్టిని
పాత టూత్‌బ్రష్‌తో గీకి
వరసలో చివర ఓ డబ్బా పెట్టాను.
నంబరు వేయలేదు.
మంగళవారానికి
ఆ ఆకు మీద ఆకుపచ్చ కోసం వెతుక్కోవలసి వచ్చింది.

రెండేళ్ల నోట్‌బుక్‌లో నా తేదీలు,
మ్యాప్‌లో ఎర్ర చుక్కలు,
రాత్రి పక్కపక్కన పరిచి చూశాను.
ఇది రుజువు కాదమ్మా, అన్నారు లోకనాథం గారు.
రుజువు కాదు అని
కాసేపాగి మళ్లీ అన్నారు.

ఇప్పుడు గేటు దగ్గర బ్లీచింగ్ నీళ్ల బేసిను.
నంజేగౌడ తన రబ్బరు చెప్పులూ ముంచుతాడు.
"మరి ఆవులు?" అని అడిగాడు నిన్న.
నా దగ్గర జవాబు లేదు.
కుడి బూటు కడిగి, ఎడమది చేతిలో పట్టుకుని
ఒంటికాలి మీద రెండొందల ఏడు వైపు చూస్తున్నాను.
పైకొమ్మన ఏదో తెల్లగా మెరిసింది,
ఒక్క ఆకు తిరగబడినట్టు.

గాలే అయ్యుంటుంది.