సొట్ట

కీత్ హ్యాలమ్ జేబులోంచి తీసిన ముక్క
బొటనవేలి గోరంత.
ఇరవై ఆరేళ్లు ఆవిరి మోసిన గొట్టం మీంచి
గొట్టానికి తెలియకుండా చెక్కుకొచ్చాడు.
"గొట్టం కోస్తే ఊరికి కరెంటు పోతుంది, దీన్నే అడుగు" అన్నాడు.

నిజమే, అన్నం ఉడికిందో లేదో చూడ్డానికి
గిన్నెంతా పిసుకుతామా.
ఒక్క మెతుకు.

మెతుకును కొలిమిలో పెట్టాను, ఆరువందల డిగ్రీలు.
పైన మిల్లీమీటరు వెడల్పు మొండి ఉలి.
కొట్టదు, గుచ్చదు. ఊరికే ఆనుకుని ఉంటుంది,
రేషన్ క్యూలో వెనకమనిషి మోచేయిలా.
బయట బీస్టన్ ట్రామ్ వెళ్లినప్పుడల్లా
నేను ఊపిరి బిగబట్టేదాన్ని.

మొదటి రోజు ఉక్కు గబగబా లోపలికి జరిగింది,
కొత్తగా అద్దెకొచ్చినవాళ్లు సామాను సర్దుకున్నట్టు.
మూడో రోజుకి నెమ్మదించింది.
ఆ తర్వాత చాపకింద నీరు.
గంటకి మైక్రాన్‌లో పదో వంతు కూడా లేదు,
కానీ ఆగలేదు. ఒక్క గంట కూడా ఆగలేదు.

దీనికి తెలుగులో మాటేంటని చాలా వెతికాను.
పాకడమా? పాకేది పసిబిడ్డ, దానికో బొమ్మ కనిపిస్తుంటుంది.
జారడమా? జారితే చప్పుడవుతుంది.
లొంగడం అని రాసి కొట్టేశాను,
ఉక్కు తరఫున అంత మాట అనడానికి నేనెవర్ని.

తొమ్మిదో రాత్రి మూడూ పదికి గీత ఎగిరింది.
మూడు మైక్రాన్లు! గుండె జారింది, చప్పుడు లేకుండానే.
తీరా చూస్తే వెల్మా,
నేల తుడవడానికొచ్చి తలుపు బార్లా తీసిపెట్టింది.
నవంబరు నాటింగ్‌హామ్ లోపలికొచ్చి
కొలిచే కడ్డీని ముడుచుకుపోయేలా చేసింది.
జరిగింది ఉక్కు కాదు, నా కొలబద్ద.
"ఏమైనా పాడు చేశానా అమ్మాయ్?"
లేదు వెల్మా, టీ తాగుతావా.
ఆ చుక్కలు చెరిపేయలేదు. పక్కన రాశాను:
3:10. తలుపు.

పన్నెండో రోజు సొట్టని మైక్రోస్కోపు కింద పెట్టాను.
ఇంతా చేసి
కాగితం మందం లేదు.

కీత్ ఫోన్ చేశాడు. "ఎప్పుడు పగులుతుంది?"
చెప్పలేను కీత్, ఈ పరీక్షలో పగలడం కనపడదు.
ఇలా నొక్కితే ఉక్కు లోపలికే పోతుంది, అంతే.
వేగం చెప్తాను, మిగతాది లెక్క,
లెక్కలో సగం నమ్మకం.
అతను కాసేపు మాట్లాడలేదు.
లైనులో వెనకాల టర్బైన్ మోత,
ఆ గొట్టం ఆవిరి మోస్తూనే ఉంది.