ఇద్దరూ ఒక్కరే

మార్కాపురం తహసీల్దారాఫీసు ఎదురు మా జిరాక్సు కొట్టు.
కరెంటు పోతే ఇన్వర్టరు దోమలా జుమ్మంటుంది.
ఆ మోతలోనే, ఏడోసారి,
కాశయ్య తాత అర్జీ టైపు చేస్తున్నా.

విషయం: సర్వీసు రికార్డులో
గాయపు పతకం ఎక్కని సంగతి.

"సంగతి కాదమ్మే, సవరణ అని కొట్టు."
కొట్టాను.

పుట్టినప్పుడు చినకాశయ్య.
పెదకాశయ్య వాళ్ళన్న,
పలకల గనిలో బండ విరిగి పడి పోయాడు.
పందొమ్మిదో ఏట బెంగుళూరులో
ఈయన పేరు రాసుకున్న గుమాస్తా
చిన అనే రెండక్షరాల్ని
ఇంగ్లీషులో ఎట్టా రాశాడో ఏమో,
చదివిన ప్రతివాడి నోటా అది చైనా.
అరవైరెండు యుద్ధం జరిగి నాలుగేళ్ళే.
హాజరు పిలిస్తే బారకంతా నవ్వు.
"చైనా కాశయ్యా, ఎవరివైపురా నువ్వు?"

నవ్వలేక ఎవరో సారు ఆ ముక్క కొట్టేశాడు.
ఒక పుస్తకంలో కొట్టేశాడు,
ఇంకోదాంట్లో మరిచాడు.

డెబ్భైఒకటి డిసెంబరు, షకర్‌గఢ్ వైపు,
తెల్లవారుజాము మంచులో మోకాళ్ళ మీద
కడ్డీతో నేలని పొడుచుకుంటా
మందుపాతరలు వెతికే పని.
"గనిలో పలక పొర విప్పినట్టే,
చెయ్యి తొందరపడకూడదు" అంటాడు.
చెయ్యి తొందరపడలేదు.
పక్కవాడి కాలు పడింది.

ఆస్పత్రి రిజిస్టర్లో చేరినవాడు చైనా కాశయ్య.
పింఛను తీసుకుంటున్నవాడు ఉత్త కాశయ్య.
"గాయపడిన వ్యక్తి, అర్జీదారుడు వేరువేరు అని
రికార్డుల వలన తెలియుచున్నది."
ఆరు జవాబుల్లోనూ అదే వాక్యం,
సంతకాలే మారాయి.

ఓసారి పంచె పక్కకి జరిపి చూపించాడు.
తొడమీద, తేలు ముడుచుకుని పడుకున్నట్టు మచ్చ.
చలికాలం లోపలి ఇనపముక్క కదులుద్దంట.
"ఇదెవురిదమ్మే? ఆ చైనావోడిదా?"

ఎదురాఫీసులో దీనికో కాగితం ఇస్తారు.
పెళ్ళయి ఇంటిపేరు మారిన ఆడవాళ్ళకి,
పాసుపుస్తకంలో దీర్ఘం జారిపోయిన రైతులకి
రోజుకి పది కొడతా:
ఈ ఇద్దరూ ఒక్కరే అని.
నోటరీతో కలిపి రెండొందలు.
భూమికి చాలింది, బ్యాంకుకి చాలింది,
ఒంగోలు సైనిక సంక్షేమం వాళ్ళకీ చాలింది.
బెంగుళూరుకి చాల్లేదు.

"వస్తే నెలకెంత పెరుగుద్ది తాతా?"
"ఏం పెరగదు."

సంచిలోంచి కోటు తీశాడు.
జేబు పైన రిబ్బన్ల పట్టీ:
రెండు రంగులు, వేలెడు ఖాళీ, మళ్ళీ ఒక రంగు.
ఖాళీలో గుడ్డ వెలిసిపోయి ఉంది.
"దగ్గరికి జరిపి కుట్టమంటారా అన్నాడు దర్జీ.
వద్దన్నా."

ప్రింటు కొట్టబోతుంటే ఆపాడు.
"ఇంకో పేరా ఉందమ్మే.
ఆరుసార్లూ రాయించలా.
నాదొచ్చినాక అడుగుదాంలే అనుకున్నా.
అది రాదు, నేనుండను."

సాపర్ ఇసక్కిముత్తు. తిరునల్వేలి జిల్లా.
గుర్తు జెండాలు ఇంకా పాతని నేల మీద
నేను పాక్కుంటా పోయిన జాడలోనే అడుగులేసుకుంటా వచ్చి
నన్ను భుజానేసుకుని
అదే జాడలో వెనక్కి తెచ్చాడు.
దించి, నీళ్ళు తాగి,
ఇంకోడి కోసం మళ్ళీ పోయాడు.

ఇక్కడ చాలాసేపు ఏం చెప్పలేదు.
మెరిసే కర్సరు వంకే చూస్తున్నాడు.

"ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదమ్మే.
తప్పుగా కూడా లేదు."

స్పెల్లింగు అడిగాను. ఈ పేరన్నా సరిగా పోవాలి కదా.
ఇంగ్లీషులో రాదన్నాడు.
మా పిల్లోడి పలక అందుకుని
అరచేత్తో తుడిచి, బలపం అరిగేలా ఒత్తి
అరవంలో రాశాడు.
బారకులో ఆయన దగ్గరే నేర్చుకున్నాడంట.
నాకు చదవను రాదు.
ఫోనుతో ఫోటో తీశాను.

జతపరిచినవి:
ఆరు జవాబుల నకళ్ళు,
డిశ్చార్జి పుస్తకం నకలు,
ఇద్దరూ ఒక్కరే కాగితం,
ఒక పలక.