గాటు

పదకొండు గంటల గుంపు.
ఇరవై ముగ్గురు, రెండు పిల్లల బండ్లు, ఒక తడిసిన కుక్క.
కుక్కలకి ప్రవేశం లేదని మూడు భాషల్లో చెప్పాను.
కుక్క ఒక్క భాషలోనూ ఒప్పుకోలేదు.

నా పేరు ఒడిల్.
ఈ కోటలో పంతొమ్మిదేళ్లుగా తిరుగుతున్నాను.
తిరిగిన దూరమంతా తాడులా సాగదీస్తే
లక్సెంబర్గ్ చాలదు, పక్క దేశాల్లో పడతాను.
మాది ఎంత దేశమంటే,
ఉత్తరపు కొసన పోసుకున్న కాఫీ
దక్షిణపు కొసకి చేరేసరికి ఇంకా పొగలు కక్కుతుంటుంది.
ఈ ముక్క నాలుగో మెట్టు మీద చెప్తాను.
అయిదో మెట్టు మీద నవ్వుతారు.

తరవాత అప్పజెప్పడమే.
ఇది ప్రార్థన గది, ఇది వంటశాల,
కిటికీ కింద ఔర్ నది, అదుగో ఆ కొండల వెనక జర్మనీ.
ఇంచుమించు రెండు వందల ఏళ్ల కిందట
దీన్ని వేలంలో పాడుకున్నవాడు
కప్పు మీది పలకరాళ్లు ఒకరికి, తలుపులు ఒకరికి,
సీసం గొట్టాలు తూకానికి
అమ్ముకున్నాడు.
పైన ఆకాశం ఒక్కటే బేరం కుదరక మిగిలింది.

మిగతా రాళ్లు
ఊరు రాత్రిళ్లు మోసుకుపోయింది.
ఎవరూ దొంగతనం అనలేదు. అందరిళ్లలోనూ ఉంటే
ఆ మాట అనడానికి నోరెవరికుంటుంది?

మా బోమీ (అమ్మమ్మని మేం అలాగే పిలుస్తాం)
వంటింటి గడప అలా వచ్చిందే.
దాని అంచు మీద ఆవిడ కత్తి నూరేది.
ఆవిడ అత్తా నూరింది. ఆ అత్తకి అత్తా.
చిక్కుళ్ల కాలం వస్తే పొద్దున్నే ఆ చప్పుడుకి లేచేవాళ్లం
స్స్‌ర్, స్స్‌ర్,
కాసేపటికి చారు వాసన.

నాకు తొమ్మిదేళ్లప్పుడు కోటని మళ్లీ కట్టడం మొదలుపెట్టారు.
సుద్దముక్కలు, కొలతల పుస్తకాలు పట్టుకుని
ఇద్దరు మా ఇంటికొచ్చారు. ఇంటింటికీ అలాగే వెళ్తున్నారట.
గడప కొంచెం లేపి చూస్తామన్నారు.
"ముందు చారు తాగండి," అంది బోమీ,
"అది పారిపోయే రాయైతే ఈపాటికే పారిపోయేది."

తాగారు. గునపాలతో తిరగేశారు.
అడుగున, మట్టి కింద,
మూడు రేకుల పువ్వు.
చెక్కినవాడి ఉలి ఇప్పుడే పక్కన పెట్టినంత కొత్తగా.

బోమీ చాలాసేపు మాట్లాడలేదు.
చెప్పులు విడిచి అవతల పెట్టింది, అదొక్కటే చేసింది.
ఆ తరవాత, "తీసుకుపొండి. కానీ
నాకొక గడప పెట్టాకే పొండి. చలికాలం వస్తోంది."

సిమెంటుది పెట్టారు.
సిమెంటు మీద కత్తి పదునెక్కదు.
ఆ ఏడు చిక్కుళ్లు తరగలేదు, నలిపింది.

కోట తెరిచిన మొదటి ఆదివారం
ఏప్రన్ జేబులో కత్తి పెట్టుకుని,
టిక్కెట్టు కొనుక్కుని మరీ వెళ్లింది బోమీ.
రాయి దొరికింది.
ఇద్దరు మనుషుల ఎత్తున, కిటికీ వరసలో,
ఎండని చూస్తూ.
మెడ నొప్పెట్టేదాకా నిలబడి
"ఏమే, పైకెక్కావా" అని
వెనక్కి వచ్చేసింది.

ఇదంతా గుంపుకి చెప్పను.
నాకిచ్చిన నలభై నిమిషాల్లో దీనికి చోటు లేదు.

ఇవాళ బండి దిగిన పిల్లాడొకడు పైకి వేలు చూపించాడు.
"ఆ పువ్వు కింద గాటేంటి? కత్తిదా?"
కత్తిదే, అన్నాను.
"ఎవరిది?"
లెయోనీ అని, ఈ ఊరావిడది.
వాడి కళ్లు ఇంతయ్యాయి. "ఎవరితో యుద్ధం చేసింది?"

నేను అబద్ధాలు చెప్పను.
చిక్కుళ్లతో, అన్నాను. చాలా ఏళ్లు జరిగింది.

వాడు తలూపాడు, బాగా ఆలోచించి,
"గెలిచిందా?"

వాళ్లమ్మ పిలుస్తోంది. బయట కుక్క అరుస్తోంది.
పన్నెండు గంటల గుంపు
అప్పుడే నాలుగో మెట్టు దాకా వచ్చేసింది.