జీడి నలుపు

వేలికి సిరా పెట్టడం నా డ్యూటీ.
బడిలో లెక్కలు చెప్తాను. ఎన్నికలొస్తే
గోరూ చర్మమూ కలిసేచోట ఒక గీత గీస్తాను.

ఆ వేసవి, పలాస అవతల ఒక ఊళ్ళో బూత్.
ఒక యంత్రం అసెంబ్లీకి, ఒకటి పార్లమెంటుకి.
బమ్మిడి దాలెమ్మ చెయ్యి చాపింది.
పది వేళ్ళూ నలుపే, గోళ్ళతో సహా.
ఇరవయ్యేళ్ళు జీడిపిక్కలు కొట్టిన చెయ్యి.
రేషన్ డిపోలో మిషను
ఆ వేలిని ఎప్పుడో మర్చిపోయింది.
ఎక్కడ గీయను?

ఏజెంట్లు ఫోన్లు చూసుకుంటున్నారు.
నలుపు మీద నలుపు గీసి పంపాను.
రెండుసార్లు బీప్‌మంది.
అద్దం వెనక కాగితం ఏడు సెకన్లు వెలిగి
చీకట్లో పడింది.
"రెండో మిషను ఎవుల్ది బాబూ?"
"ఢిల్లీది."
"అలగా" అంది,
తెలియని చుట్టం పేరు విన్నట్టు.

పంచాయతీకి మళ్ళీ అదే బడి, అదే నేను.
పెట్టె, కాగితం, రబ్బరు ముద్ర.
పార్టీలుండవు. ఉంగరం, కత్తెర, అంతే.
ఉంగరం ఏ జెండా తొడుక్కుందో
మూడో తరగతి గుంటడు కూడా చెప్తాడు.

దాలెమ్మ చెయ్యి చాపగానే
కత్తెర ఏజెంటు లేచాడు.
"ఏలు నల్లగుంది! ఈవిడ ఓటేసీసింది!"
అతను ఆమె మరిది కొడుకు.
ఇద్దరికీ పెరటిగోడ ఒకటే.

"ఒరే తవిటీ,
మీ యమ్మ ఏళ్ళు ఏ రంగురా?"

వరసలోంచి ఎవరో ముసలామె
కిటికీ ఊచల్లోంచి రెండు చేతులూ లోపలికి పెట్టింది.
ఆ పక్కనే ఇంకో రెండు.
తవిటయ్య కూచున్నాడు, కాగితాలు సర్దుకుంటూ.

సాయంత్రం ట్యూబ్‌లైటు కింద లెక్క.
సర్పంచి నాలుగు ఓట్లతో గెలిచాడు.
ఎమ్మెల్యే ఓడితే ఎవరి వల్లో ఎవరికీ తెలీదు.
ఇక్కడ ఆ నాలుగూ ఏ గడపలవో
నేను పెట్టెలు జీపెక్కించే లోపే తేలిపోయింది.
కొళాయి గొట్టం ఏ వీధి మలుపులో ఆగుతుందో కూడా.

ఇంటికొచ్చి చూస్తే సీసా కారి
నా బొటనవేలంతా సిరా.
మా ఆవిడ నిమ్మచెక్కతో రుద్దింది. పోలేదు.
గోరు పెరిగి, కత్తిరించుకుంటేనే పోతుందట.

వచ్చే నెల ఎంపీటీసీ, జెడ్పీటీసీ.
మళ్ళీ రెండు కాగితాలు, ఈసారి జెండాలతో సహా.
డ్యూటీ ఆర్డరు బల్ల మీదుంది.
హ్యాండ్‌బుక్ మొదటినుంచీ చివరిదాకా తిరగేశాను.
చూపుడువేలు లేకపోతే ఏ వేలికో రాశారు.
చెయ్యే లేకపోతే ఏం చెయ్యాలో రాశారు.
జీడి గురించి ఎక్కడా లేదు.