సున్నపు గీత

నిజాంపేటలో పదకొండో అంతస్తు.
సేల్స్ అబ్బాయి కిటికీ తెరిచి
గాలిని కూడా తనే తెప్పించినట్టు నవ్వాడు.
పన్నెండొందల నలభై చదరపు అడుగులు మేడమ్,
అందులో మీరు నడిచేవి తొమ్మిది వందలు.
మిగతావి?
లిఫ్టు, మెట్లు, ఎవరూ ఈదని ఈతకొలను.
భూమిలో మీ వాటా ముప్పై ఎనిమిది గజాలు.
ఎక్కడ? అన్నాను.
ఒక్క క్షణం తడబడి
వేలితో కిందికి చూపించాడు.

శ్రీశైలం గోడ తట్టి చూస్తున్నాడు
పుచ్చకాయ బేరంలో తట్టినట్టు.
తాళంచెవి తీసుకుంటే అయిపోతుంది కదా, అంటాడు.
పగలంతా ఎవరివో లెక్కలు చూసే మనిషి
ఇంటికొచ్చి ఇసుక లారీలు లెక్కపెట్టలేనంటాడు.
తప్పేం లేదు.

నాదర్‌గుల్‌లో మాకు నూట ముప్పై మూడు గజాల జాగా ఉంది.
చిట్టీ ఎత్తి, నా గొలుసు కుదువపెట్టి కొన్నది.
ఆగ్నేయం మూల
మేసొచ్చి పడుకున్న బర్రెంత బండ.
వాస్తు ఆయన ఆలోచించి చెప్తానన్నాడు,
ఇంకా ఆలోచిస్తున్నాడు.
బండ కొట్టేవాడు మాత్రం ఆలోచించకుండా లక్షన్నర అన్నాడు.
మిగిలినవాళ్లంతా ఆ సామెతే అన్నారు –
ఏ సామెతో మీకూ తెలుసు,
అందులో పెళ్లి కూడా ఉంటుంది.

పద్నాలుగేళ్లలో ఆరు కిరాయి ఇళ్లు.
మలక్‌పేటలో గోడకు మేకు కొట్టొద్దన్నారు.
చంపాపేటలో చేపలు వండొద్దన్నారు.
సైదాబాద్‌లో ఏమీ అనలేదు,
తలకు షాంపూ పెట్టుకున్నాక మోటారు ఆపేసేవాళ్లు.
ప్రతి ఇంట్లోనూ
సుత్తి మూటలోనే ఉండిపోయింది.

కట్టుకుంటేనో?
ఆరువందల అడుగుల బోరు,
నీళ్లు పడతాయో దుమ్మే లేస్తుందో.
కిరాయి ఒకపక్క, కిస్తీ ఒకపక్క,
స్లాబు ముందురోజు ఊరెళ్లిపోయే కూలీలు.
మా పక్కింటి అనసూయమ్మ
గోడలు కిటికీల ఎత్తుకు లేచేసరికి
భర్తతో వాట్సప్‌లోనే మాట్లాడేది.
అయినా రాత్రుళ్లు
కరెంటు బిల్లు వెనక వంటిల్లు గీసేదాన్ని,
పొద్దున్నే అతను చూడకముందు
మడతపెట్టి పప్పు డబ్బా కింద దాచేదాన్ని.

ఆదివారం బాలకిష్టయ్య మేస్త్రి వచ్చాడు.
నారాయణపేట మనిషి.
ఎన్ని ఇళ్లు కట్టావంటే
"లెక్కవెట్టలేదమ్మా,
ఉండేదైతే రేకుల షెడ్డులనే" అన్నాడు.
బండ చుట్టూ రెండుసార్లు తిరిగి
అరచేత్తో నిమిరాడు.
"దీన్నెందుకు కొడ్తరు? గమ్మున పన్నది.
వంటింటి గోడ దీనికే ఆనిద్దాం."

సున్నం బస్తా విప్పి
తాడు వెంట వంగి నడుస్తూ పోయాడు.
తెల్లటి గీత ముళ్ల తుప్పల్లోంచి సాగి
ఒక తుమ్మ మొక్క దగ్గర కాస్త వంకరపోయింది.
మూడడుగులు గీయకుండా వదిలేసి
"ఇది తల్పు" అన్నాడు.

అంతే ఇల్లు.
చీమలు దాటేటంత ఎత్తు.
సంహిత లేని గోడ ముందు నిలబడి
ఇక్కడ మేకు కొట్టొచ్చా అమ్మా, అనడిగింది.

అప్పుడే శ్రీశైలానికి బ్యాంకు నుంచి ఫోను.
ఫ్లాటుకు లోను వచ్చేట్టుంది.
ఆ సార్, అలాగే సార్, బుధవారం చెప్తాను సార్.
అటు నడిచాడు, ఇటు నడిచాడు.
నీళ్ల సీసా నా దగ్గరుంది, వంటింట్లో.
దానికోసం వస్తూ గీత దగ్గర ఆగాడు.
చెయ్యి చాపితే అందేది.
ఫోను చెవికి అలాగే ఉంచి
వెనక్కి మళ్లి, బండ పక్కగా చుట్టు తిరిగి
ఆ మూడడుగుల ఖాళీలోంచి లోపలికొచ్చాడు.
పల్లేరుకాయలున్నాయి, అయినా
గడప లేని చోట చెప్పులు విడిచాడు.

మేస్త్రి చూశాడు. నేను చూశాను.
ఇద్దరం తాడు చుట్టే పనిలో పడ్డాం.

సగం సీసా తాగి, ఒంటికాలి మీద నిలబడి
పాదంలో ముల్లు తీసుకుంటూ
కిటికీ అటుపక్క పెడితే ఎండ కొడుతుందేమో, అన్నాడు.

కొట్టనీ, అటే పెట్టాలి,
అన్నాను.